పొయ్యి లెక్క



కిందటి కార్తీకమాసంలో ఒకనాటి రాత్రి మా అక్క కూతురు అమెరికా నుంచి ఫోను చేసింది. ఆ పిల్ల ఉండేది ఈశాన్యాన, మంచు కురిసే రాష్ట్రంలో. కొత్తగా ఇల్లు కొనుక్కున్నారు. ఆ ఇంటిని వెచ్చగా ఉంచడానికి కొయ్యగుళికల పొయ్యి ఒకటి ఉందట. కొయ్యగుళికలంటే మరేం కాదు, రంపపు పొట్టును యంత్రంలో గట్టిగా అదిమి, చిటికెన వేలి కన్నా సన్నగా చేసిన చిన్న చిన్న ముక్కలు. పశువుల దాణాలాగా సంచుల్లో పోసి అమ్ముతారు. "పిన్నీ! చలికాలం మొత్తానికి ఎన్ని సంచులు కొనుక్కోవాలో తెలియడం లేదు. తక్కువ కొంటే నడి చలికాలంలో దొరకవంటున్నారు. ఎక్కువ కొంటే పెట్టుకోడానికి చోటు లేదు. నువ్వేమైనా చెప్పగలవా?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. నేనా, పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. పైగా మన కోనసీమలో చలి కాచుకోవడమంటే సంక్రాంతి ముందు భోగిమంట, మహా అయితే తెల్లవారుజామున చితుకుల మంట. ఇంటిని వెచ్చబెట్టడానికి పొయ్యి పెట్టుకోవడం మనమెరుగుదుమా? కాని ఫోను పెట్టేశాక ఆలోచిస్తే, ఆ పిల్ల అడిగింది కొత్త ప్రశ్నేమీ కాదనిపించింది. ఏటా వైశాఖమాసంలో, అరుగు మీద కూర్చుని, చేతిలో బొగ్గు ముక్క పట్టుకుని, మా నాయనమ్మ వేసుకున్న ప్రశ్నే అది. వాన పట్టేలోగా ఇంట్లోకి ఎంత వంటచెరకు చేరాలి? ఈ వేళ ఆ పొయ్యి లెక్క కథ మీతో చెప్పుకుందామని వచ్చాను.

మన సీమ సంగతి మీకు తెలియనిది కాదు. గౌతమి ఒక పక్క, వశిష్ఠ ఒక పక్క, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. నేలంతా ఒండ్రు. అడవి అన్నది లేదు, కొండ అన్నది లేదు. 1832, 33 సంవత్సరాల్లో వచ్చిన నందన కరువు దెబ్బకి గోదావరి, కృష్ణా తీరాలు విలవిలలాడాయి. ఆ తరవాత కాటన్ దొరగారు 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించారు. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా అక్విడక్టు కట్టి రాజోలు వైపు నగరం లంకలకు కూడా నీళ్ళు తీసుకుపోయారు. కాలవలు వచ్చాక వరి పండింది, కొబ్బరి పెరిగింది, జనం పెరిగారు. ఇదంతా పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. పండిన ధాన్యమెంతో చెబుతారు, పారిన నీరెంతో చెబుతారు. కాని ఆ బియ్యం ఉడకడానికి మంట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పిన పుస్తకం నాకింతవరకు తారసపడలేదు. అడవి లేని చోట ఇంతమందికి అన్నం ఎలా ఉడికింది?

ఉడికించింది కొబ్బరిచెట్టే. ఎగువ మన్యం నుంచి కలపా వెదురూ తెప్పలుగా గోదావరి మీద రాజమండ్రి దాకా దిగేవి. అక్కడి నుంచి కాలవ పడవల మీద కట్టెలు కూడా వచ్చేవి. కాని అడితికి పోయి కట్టెలు తూయించుకోవడం డబ్బున్నవాళ్ళ మాట. తీరం వెంబడి ఇసుక నేలల్లో సరుగుడు తోటలున్నా, అదీ కొనుక్కోవలసిందే. తక్కిన ఇళ్ళన్నిటికీ పెరటి చెట్టు మట్టలు, కాయ ఒలిచిన డొక్కలు, చిప్పలు, పేడ పిడకలు, మిల్లులో ఊక, ఏరుకొచ్చిన చితుకులు. వీటితోనే తరాలు వెళ్ళాయి. వరద వస్తే కొట్టుకొచ్చే దుంగల కోసం ఒడ్డున కాచుకునేవాళ్ళూ ఉండేవారు.

ఇన్ని రకాల వంటచెరకు, ఒక్కోటి ఒక్కో తీరు. మట్ట భగ్గున మండి చప్పున ఆరిపోతుంది, కనిపెట్టుకుని కూర్చోవాలి. డొక్క నిదానంగా రాజుకుంటుంది, పొగ ఎక్కువ. చిప్ప నిప్పు గట్టిది, ఇస్త్రీపెట్టెలోకి బొగ్గులు కూడా దాంతోనే. పిడక దాలిలో పెడితే పొద్దుట్నించి సాయంత్రం దాకా పాలు ఎర్రగా కాగుతాయి. ఊకకు వేరే పొయ్యి కావాలి. మధ్యలో కర్ర నిలబెట్టి చుట్టూ ఊక కూరి, కర్ర జాగ్రత్తగా పైకి లాగేస్తే ఏర్పడే బెజ్జంలో మంట నిలుస్తుంది. ఏ పనికి ఏది వాడాలి, ఏది ఎన్నాళ్ళొస్తుంది అన్నది తెలియకపోతే ఇల్లు గడవదు. ఇది ఆడవాళ్ళకు తప్ప మగవాళ్ళకు పట్టని శాస్త్రం.

మా ఊరు అంబాజీపేటకి దగ్గర. మాకు ఎకరం కొబ్బరితోట ఉండేది. అరవై చెట్లు. ఇంట్లో ఆరుగురం. మా నాయనమ్మ చదువుకోలేదు. అయినా లెక్క తప్పేది కాదు. ఆవిడ లెక్క ఇలా ఉండేది.

కొబ్బరిచెట్టు రమారమి నెలకో మట్ట రాలుస్తుంది. అంటే ఏడాదికి పన్నెండు. అరవై చెట్లకి 720. ఎకరా తోట రోజుకు రెండు మట్టలిస్తుందన్న మాట. మా ఇంట్లో పూటకో మట్ట, నాలుగు కాయల డొక్కలు కావాలి. కనక రెండు పూటలకి రెండు మట్టలు. చూడ్డానికి సరిపోయింది కదా అనిపిస్తుంది. అక్కడే ఉంది కిటుకు. రాలిన మట్టలన్నీ పొయ్యికి రావు. దడికి కొన్ని, పశువుల పాక కప్పుకి కొన్ని, పందిళ్ళకి కొన్ని, మొత్తం మీద మూడో వంతు పోతుంది. మిగిలేవి 480. ఏడాదికి కావలసినవి 730. రెండు వందల యాభై మట్టలు లోటు.

ఇక డొక్కలు. చెట్టుకి అరవై కాయల చొప్పున దింపు దిగితే 3,600 కాయలు. రోజుకు ఎనిమిది కాయల డొక్కలు కాలిస్తే ఏడాదికి 2,920. ఇక్కడ మిగులు, దాదాపు 680 కాయల డొక్కలు. ఈ మిగులు ఆ లోటులో కొంత పూడుస్తుంది. ఎండిన మట్ట రెండు కిలోలు, ఒక కాయ డొక్కలు పావు కిలో అనుకుంటే, మట్టల్లో లోటు 500 కిలోలు, డొక్కల్లో మిగులు 170 కిలోలు. నికరం లోటు 330 కిలోలు. మా నాయనమ్మకు కిలోలు పట్టేవి కావు. దేశంలో కిలోలు, మీటర్లు వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయినా, ఆవిడకి వీశెలూ మణుగులే. ఎనిమిది వీశెలు ఒక మణుగు, మణుగంటే పదకొండు కిలోల పైచిలుకు. "ముప్ఫై మణుగులు తక్కువొస్తాయే" అనేది ఆవిడ. ఆ ముప్ఫై మణుగులు పిడకలతోనూ, చితుకులతోనూ, చివరికి చాలకపోతే అడితిలో కొన్న సరుగుడు కర్రలతోనూ పూడ్చాలి. స్నానాల నీళ్ళకాగు కిందికి వేరే లెక్క. దానికి తోటలో ఊడ్చిన ఆకూ అలమూ, ఎందుకూ పనికిరాని తొక్కూ తోలూ.

ఇది రోజువారీ లెక్క. దీని మీద పై ఖర్చులుండేవి. సంక్రాంతికి అరిసెల పాకం, తద్దినాలు, చుట్టాలు, ఇంట్లో పురుడు వస్తే బాలింతరాలికి నెల పొడుగునా వేన్నీళ్ళు. పురిటికి తీసిపెట్టిన కట్టెలు అటక మీద విడిగా కట్టి ఉండేవి. ఎంత ఇబ్బంది వచ్చినా వాటి మీద చెయ్యి వెయ్యకూడదు. పెళ్ళయితే ఇక ఇంటి లెక్క కాదు, గాడిపొయ్యి లెక్క. దానికి వంటబ్రాహ్మణ్ణి పిలిచి అడిగేవారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది వాన లెక్క. జ్యేష్ఠమాసం చివర నుంచి కార్తీకం దాకా దాదాపు ఆరు నెలలు మన సీమలో ఏది ఎండుతుందో ఏది ఎండదో చెప్పలేం. మృగశిర కార్తె ప్రవేశించే నాటికి ఆ ఆరు నెలల చెరకూ ఎండి, అటక ఎక్కి ఉండాలి. అయితే ఆరు నెలలకి ఆరు నెలలదే పెడితే చాలదనేది నాయనమ్మ. ఆరింటికి ఏడు పెట్టాలి. ఆ ఏడో నెల దేనికంటే ముసురుకి, ముంపుకి, అనుకోకుండా వచ్చే వాళ్ళకి. 1986 ఆగస్టులో గోదావరికి ఎన్నడూ ఎరగని వరద వచ్చినప్పుడు నేను ఆరేళ్ళ పిల్లని. ఇంట్లో నీళ్ళు, పొయ్యి నీళ్ళలో. అటక మీద ఉన్న ఆ ఏడో నెల చెరకుతో, అరుగు మీద మూడు ఇటికలు పెట్టి, మా నాయనమ్మ మాకే కాక పక్కిళ్ళ పిల్లలకి కూడా గంజి కాచి పోసింది. ఆ మంట నాకిప్పటికీ కళ్ళక్కట్టినట్టుంది.

అన్నదానం మాట వచ్చింది కనక ఒక్క సంగతి చెప్పనివ్వండి. మన సీమలో డొక్కా సీతమ్మగారి పేరు తెలియని ఇల్లు లేదు. 1841లో పుట్టి, లంకల గన్నవరంలో కాపరం చేసి, 1909లో కన్నుమూసిన ఆ తల్లి, ఏ వేళ ఎవరొచ్చి ఆకలన్నా అన్నం పెట్టింది. ఆవిడ కీర్తి ఇంగ్లండు చక్రవర్తి దాకా పోయింది. గన్నవరంలో 2000 సంవత్సరంలో వచ్చిన కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. 2024 నుంచి రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే. ఆవిడ పెట్టిన అన్నం గురించి అందరం చెప్పుకుంటాం. నేను వంటింటి మనిషిని కనక నా ఆలోచన పొయ్యి మీదికి పోతుంది. ఏ రోజుకి ఎంతమందో నేను చెప్పలేను గాని, మాట వరసకి పూటకి వందమంది అనుకోండి. మనిషికి రెండు వందల గ్రాముల లెక్కన ఇరవై కిలోల బియ్యం. కిలో బియ్యానికి కిలో ఎండుకట్టె, పప్పూ పులుసులకి మరో పది కిలోలు, మొత్తం ముప్ఫై కిలోలు. ఇందాక చెప్పిన మా ఎకరా తోట ఏడాదంతా రాల్చిన మట్టలు 1,440 కిలోలు. అవన్నీ పెట్టినా, రోజుకి ఒక్క పూట చొప్పున 48 రోజులకి సరి! ఆ పుణ్యం వెనక ఎన్ని తోటల మట్టలు, ఎందరు ఆడవాళ్ళ మోపులు, ఎన్ని గంటల ఊదుడు ఉందో చూడండి. అన్నం పెట్టిన చేతిని తలుచుకుంటే సరిపోదు, నిప్పు రాజేసిన ఊపిరిని కూడా తలుచుకోవాలి.

ఊపిరి మాట ఊరికే అనలేదు. అక్కడికే వస్తున్నాను.

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి పేలి అంటుకుంది. మంట ఆర్పి బావి మూసేసరికి మార్చి 15 వచ్చింది. అరవై అయిదు రోజులు. రాత్రిళ్ళు మా ఊరి నుంచి చూస్తే ఆ దిక్కున ఆకాశం ఎర్రగా ఉండేది. మన కాళ్ళ కింద అంత గ్యాసు ఉందని ఊరూరికీ తెలిసింది. మా అమ్మ మాత్రం ఆ వెలుతురు చూస్తూనే, దొడ్లో కూర్చుని, చెమ్మగిల్లిన డొక్కల్ని గొట్టంతో ఊదుతూ ఉండేది. "అంత మంట అక్కడ వృథాగా పోతోంది, నాకిక్కడ పుల్ల అంటుకోదు" అని ఒకనాడు నవ్వింది. ఆ నవ్వు వెనకే దగ్గు.

మరుసటి ఏడు 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ రాత్రి గడిపిన వాళ్ళెవరూ మరిచిపోరు. వెయ్యిమందికి పైగా పోయారు. నేను పదో తరగతి పాసై ఇంట్లో ఉన్న ఏడు. తెల్లారి చూస్తే మా అరవై చెట్లలో నిలబడ్డవి పదిహేడు. తోట నిండా మట్టలు, డొక్కలు, మొవ్వులు, మొదళ్ళు. వంటచెరకు అంత పోగు పడి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఊళ్ళో ఏ ఇంటి ముందు చూసినా కుప్పలే.

పెంకులెగిరిపోయి ఇంటి కప్పు తెరుచుకుని ఉంది. చేతిలో డబ్బు లేదు. ఇటికల బట్టీ వాళ్ళు వచ్చి మట్టలూ మొదళ్ళూ అన్నీ కలిపి కొంటామన్నారు. అమ్మ అమ్మేద్దామంది. నాయనమ్మ ఒద్దంది. "అమ్మాయ్! కుప్పలు చూసి మురవకు. ఇవి ఈ ఏటివి కావు, రాబోయే ఏళ్ళవి. పై ఏటికి మట్ట రాల్చడానికి చెట్టేదీ?" అంది. "అత్తయ్యగారూ! ముందు నెత్తి మీద కప్పుండాలి కదండీ. అటక మీద పెడదామన్నా అటక తడిసిపోతోంది" అంది అమ్మ. ఇద్దరి మాటా నిజమే. కప్పు లేకపోతే చెరకు నిలవదు, చెరకు అమ్మకపోతే కప్పు రాదు. చివరికి అమ్మ మాటే నెగ్గింది. ఇంటికి పెంకులొచ్చాయి.

నాయనమ్మ లెక్క 1997 శ్రావణంలో నిజమైంది. పదిహేడు చెట్లకి ఏడాదికి రాలేవి 204 మట్టలు. రోజుకి ఒకటి కూడా కాదు. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకి రావాలంటే అయిదారేళ్ళయినా పడుతుంది. ఊరంతా అదే పరిస్థితి కనక అరువు పుచ్చుకుందామన్నా ఇచ్చేవారు లేరు. రేషను కిరసనాయిలు దీపానికే సరి. అడితిలో ధర పెరిగిపోయింది. ఆ వానాకాలమంతా అమ్మా నేనూ పచ్చి పుల్లలు తెచ్చి, ఒక పూట వండిన పొయ్యి మీద పై పూట పుల్లలు ఆరబెట్టుకుంటూ గడిపాం. తడి పుల్ల ఎలా కాలుతుందో మీకు చెప్పక్కర్లేదు. ముందు ఏడుస్తుంది, తరవాత ఏడిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి అమ్మకి ఆయాసం పట్టుకుంది. ఊరి డాక్టరుగారు గుండెలకి గొట్టం పెట్టి చూసి, "చుట్ట తాగుతావా అమ్మా?" అని అడిగారు. మన వైపు ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటున్నవాళ్ళు ఉండేవారు కనక అడిగారు. "నేను తాగలేదు బాబూ, పొయ్యే తాగించింది" అంది అమ్మ.

మా నాయనమ్మ లెక్కలో మట్టలున్నాయి, డొక్కలున్నాయి, వాన ఉంది, వరద ఉంది, పురుడు ఉంది. లేనిదల్లా పొయ్యి ముందు కూర్చునే మనిషి ఊపిరి. ఆవిడ తప్పు కాదది. ఆ లెక్క ఎవరూ ఆవిడకి నేర్పలేదు. తన తల్లీ అత్తా కూడా అలాగే దగ్గుతూ పోయారు. అది వయసు దగ్గు అనుకుంది.

తెలిసినవాళ్ళు లేకపోలేదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్.పి. రాజుగారు 1950ల నాటికే పొగ గొట్టం పెట్టిన మట్టి పొయ్యి తయారుచేసి, పొగలేని వంటిళ్ళ గురించి పుస్తకం రాశారు. 1970లలో బెంగుళూరు సైన్సు ఇనిస్టిట్యూటులో అమూల్య రెడ్డిగారూ వారి తోటివాళ్ళూ కర్ణాటక పల్లెల్లో ఇంటింటా కట్టెలు తూచి, వాటిని ఏరడానికి ఆడవాళ్ళూ పిల్లలూ ఎన్ని గంటలు వెచ్చిస్తున్నారో లెక్క కట్టారు. 1980ల మొదట్లో కిర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మనవాళ్ళతో కలిసి గుజరాత్ పల్లెల్లో వంట చేసే స్త్రీల పక్కనే పరికరం పెట్టి వారు పీల్చే పొగ ఎంతో కొలిచారు. 1980ల మధ్య నుంచి ప్రభుత్వం వారు కూడా మెరుగైన పొయ్యిలు పంచారు. ఇవేవీ మా దొడ్డిగుమ్మం దాకా రాలేదు.

ఆ శాస్త్రజ్ఞులు చెప్పిన లెక్క ఎంత సులువో చూడండి. కిలో ఎండుకట్టెలో దాదాపు 4,000 కిలో కేలరీల వేడి ఉంటుంది. మూడు లీటర్ల నీళ్ళు మరగడానికి కావలసింది 210. అంటే యాభై గ్రాముల పుల్ల చాలాలి. మరి మనకెందుకు అరకిలో ఖర్చవుతుంది? మూడు రాళ్ళ పొయ్యిలో వేడి నూటికి పది పన్నెండు వంతులే గిన్నెకి చేరుతుంది. తక్కినదంతా గాలికీ, గోడకీ, మన మొహానికీ పోతుంది. పుల్ల తడిదైతే అందులో నీళ్ళు ఆవిరి కావడానికే కొంత వేడి తగలబడుతుంది. నాయనమ్మ "ఎండిన మట్ట ఒకటి, తడి మట్టలు మూడు సమానం" అనేది దీని గురించే.

ఇదే లెక్కలో గ్యాసు సంగతి చూద్దాం. సిలిండరులో 14.2 కిలోల గ్యాసు. కిలోకి ఇంచుమించు 11,000 కిలో కేలరీలు. నూటికి అరవై వంతులు గిన్నెకి చేరతాయనుకుంటే, ఒక సిలిండరు దాదాపు రెండు క్వింటాళ్ళ ఎండుకట్టెలకి సమానం. మా ఇంట్లో రోజుకి ఆరు కిలోల చొప్పున ఏడాదికి ఖర్చయిన చెరకు 2,190 కిలోలు. అంటే పదకొండు సిలిండర్లు. ఆరుగురున్న ఇంటికి నేటికీ అంతే పడుతుంది. కావాలంటే మీ ఇంటి లెక్క వేసుకు చూడండి. మా నాయనమ్మ బొగ్గు గీతలు ఎంత సరిగ్గా ఉన్నాయో!

మన దేశంలో ఇళ్ళకి సిలిండరు గ్యాసు రావడం 1955లో బొంబాయిలో మొదలైంది. పల్లె దాకా రావడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం పెట్టి, పొదుపు సంఘాల ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లు ఇప్పించారు. మా అమ్మకి అలాగే వచ్చింది. కాని సిలిండరు నింపించుకోవాలంటే ఒక్కసారిగా డబ్బు కట్టాలి. మట్టకి డబ్బు అక్కర్లేదు. అందుకని చుట్టాలొస్తే కాఫీ గ్యాసు మీద, అన్నం మాత్రం కట్టెల మీద. మా అమ్మే కాదు, దేశంలో ఎన్నో ఇళ్ళు అలాగే గడిపాయి. 2011 జనాభా లెక్కల్లో కూడా నూటికి 49 ఇళ్ళలో కట్టెలతోనే వంట, గ్యాసున్నవి 28 పైచిలుకు. 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి కనెక్షన్లు మరింత పెరిగాయి. 2024లో మన రాష్ట్రంలో అర్హులైన ఇళ్ళకి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు జరిగింది. మూడు సిలిండర్లంటే, ఇందాకటి లెక్కన ఆరు క్వింటాళ్ళ కట్టెలు ఒక ఆడమనిషి నెత్తి మీద నుంచి దిగినట్టు. అది తక్కువేమీ కాదు. పదకొండులో మిగతా ఎనిమిదీ ఎలాగన్న లెక్క మాత్రం ఇల్లాలిదే.

అమ్మ పోయి పదేళ్ళు దాటింది. చివరి రెండేళ్ళూ కట్టెల పొయ్యి ముట్టుకోనివ్వలేదు. అప్పటికే ఆలస్యమైంది.

మళ్ళీ మా పిల్ల దగ్గరికి వద్దాం. మర్నాడు నేనే ఫోను చేసి చెప్పాను. "అమ్మడూ! మీ ముత్తవ్వ లెక్కే చెబుతున్నా, కాయితం తీసుకో. ఆవిడకి చెట్టు లెక్క, నీకు చలి లెక్క. ఇంట్లో నీకు కావలసింది 20 డిగ్రీలనుకో. బయట 2 డిగ్రీలుంటే తేడా 18. ఆ రోజు ఎన్ని సంచులు కాలాయో రాసుకో. సంచి 18 కిలోలన్నావు. ఒక సంచి కాలిందనుకో, అప్పుడు డిగ్రీకి కిలో చొప్పున అన్న మాట. ఇలా ఒక్క రోజు కాదు, మూడు వారాలు రాయి. తరవాత నవంబరు నుంచి మార్చి దాకా 150 రోజులకి, మీ ఊళ్ళో సగటున తేడా 20 ఉంటుందనుకుంటే, 150 ఇరవైలు 3,000 కిలోలు. అంటే 167 సంచులు. దాని మీద ఆరింటికి ఏడు చొప్పున వేసుకో, 195 అవుతాయి. యాభై సంచులు టన్నంటున్నావు కనక నాలుగు టన్నులకి చోటు చూసుకో. తలుపు సందులూ కిటికీ సందులూ మూస్తే లెక్క తగ్గుతుంది. సంచికి చెమ్మ తగలనివ్వకు, గుళిక నీళ్ళు తాగితే మళ్ళీ పొట్టయిపోతుంది."

అది ఆశ్చర్యపోయింది. "పిన్నీ, ఇవన్నీ నీకెలా తెలుసు?" అంది. నేను చెప్పిందల్లా ఎండిన చెరకు, కావలసిన వేడి, మధ్యలో పోయే నష్టం, ముసురు కోసం కొంత మిగులు. ఈ నాలుగూ దేశం మారినా మారవు. మన దగ్గరా ఇప్పుడు పొట్టునీ వ్యవసాయంలో మిగిలే చెత్తనీ ఇలాగే గుళికలుగా చేస్తున్నారు. బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రాల్లో నూటికి అయిదు వంతులు ఇవి కలపాలని 2021లో కేంద్రం విధానం చేసింది. ఒకప్పుడు మనం ఊకపొయ్యిలో కూరిందే, ఇప్పుడు గుళికై కరెంటు కేంద్రానికి పోతోంది.

ఆఖర్న ఇంకొక్క మాట చెప్పాను. "సంచులు కొనే ముందు పొయ్యికున్న పొగ గొట్టం శుభ్రం చేయించు. పొగ సరిగ్గా బయటికి పోతోందో లేదో చూసుకో. ఇంట్లో విషవాయువుని పసిగట్టి గంట కొట్టే పరికరం దొరుకుతుందట, అది పెట్టించు. లెక్కలో మొదటి గీత అదే గియ్యి."

సోదరీమణులారా, మన అమ్మలూ అమ్మమ్మలూ గోడ మీద గీసిన బొగ్గు గీతల్ని మనం సున్నం కొట్టి చెరిపేశాం. అవి చదువురానివాళ్ళ గీతలు కావు, ఒక సీమ మొత్తాన్ని అడవి లేకుండా పోషించిన లెక్కలు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ రోజే అడిగి రాసిపెట్టుకోండి, రోజుకి ఎన్ని మట్టలు, వానాకాలానికి ఎంత అని. పక్కనే వారికి దగ్గు ఎప్పుడు మొదలైందో కూడా రాయండి. ఇంకా కట్టెల పొయ్యి మీద వండుతున్నవాళ్ళుంటే, పొయ్యిని గాలి ఆడే చోటికి మార్చండి, పుల్లలు ఎండినవే పెట్టండి, చంటిపిల్లని చంకన వేసుకుని పొయ్యి ముందు కూర్చోకండి. లెక్కలో ఇంతకాలం పద్దు పడనిది మన ఊపిరి. ఇకనైనా అది కూడా రాసుకుందాం.

సెలవు.